పేరు చెప్తే చాలు

నారిన్ నది అంచులు గడ్డకట్టాక
బడి పొయ్యిలో బొగ్గు రాజేసి
జూరకాన్ టీచరు కిటికీ గట్టు మీద ఫోను పెట్టింది.
ఈ ఊళ్ళో సిగ్నలు అక్కడికే వస్తుంది,
అదీ పిల్లిలా, పిలిస్తే రాదు.

రేపటి పాఠం సముద్రం.
ఏ దిక్కుకి నడిచినా సముద్రం అందని దేశంలో
పదకొండుమంది పిల్లలకి
తిమింగలాన్ని చూపించాలి.

వెతికితే వేలకు వేలు వచ్చాయి.
ప్రతి తిమింగలం ఒంటి మీదా
ఏదో కంపెనీ పేరు, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా,
వలలో పడి ఊపిరాడనట్టు.
వల విప్పడానికి ఓ ధర.
ఆ ధరకి రెండు బస్తాల బంగాళాదుంపలొస్తాయి.

"తీసేసుకో అక్కా, ఎవడు చూడొచ్చాడు"
అన్నాడు లెక్కల మాస్టారు సగిన్‌బెక్.
నిజమే, చూసేవాడు లేడు,
చూడబోయే పదకొండు జతల కళ్ళు తప్ప.

ఓ మూల చిన్న గడి: 'వాడుకోవచ్చు'.
టిక్కు పెట్టింది.
వేలన్నీ ఆవిరై తొమ్మిది మిగిలాయి.
ఒకటి మసక. ఒకటి డాల్ఫిన్.
ఒకటి, ఎందుకో, పడవ మీద ఎవరిదో పుట్టినరోజు.
ఏడోది తిమింగలం,
నీళ్ళ పైకి తేలిన కన్నుతో సహా.
తీసినావిడ రాగ్న్‌హిల్ద్ త్వెయిత్,
నార్వేలో పడవ మీద వంటమనిషి.
షరతు ఒక్కటే: నా పేరు చెప్పండి.

ఫొటో దిగడానికి నలభై నిమిషాలు.
పైనుంచి కిందికి, గీత తర్వాత గీత,
ముందు ఆకాశం, తర్వాత నీళ్ళు,
టీ చల్లారాక కన్ను.

దాని గొంతు కూడా దొరికింది, ఇంకెవరో పట్టింది.
'వ్యాపారానికి కాకపోతేనే' అని ఉంది కింద.
అక్కడ ఆగిపోయింది మనిషి.
బొగ్గుకని ఇంటికి యాభై సోములు వసూలు చేస్తాం కదా,
అది వ్యాపారమా?
అడుగుతూ ఉత్తరం రాసింది.
మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి పంపింది.
తెల్లారేదాకా జవాబు లేదు.
ఈ సంగతి విని నాకు నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

మర్నాడు దుప్పటి మీద తిమింగలం.
ప్రొజెక్టరు ముసలిది, నీలాన్ని పసుపు చేసింది,
అడుగున ఓ గీతని మింగేసింది.
ఆ గీతలోనే ఉంది పేరు.
టీచరు సుద్దముక్క తీసి
నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది.
పిల్లలు గట్టిగా చదివి
నాలుక మడతపడి పడీపడీ నవ్వారు.

"ఊరికే ఇచ్చిందా?" కాపరి కొడుకు ఎల్దియార్.
"ఊరికే."
"మరి పేరెందుకు?"
టీచరు కాసేపు పొయ్యి వైపు చూసింది.
"వేసవిలో జైలోకి వెళ్తారే, అక్కడి గడ్డి ఎవరిది?"
"అందరిదీ."
"మరి గొర్రె చెవికి రంగెందుకు?"

జైలో అంటే కొండమీది పచ్చిక.
నా తెలుగు చెవికి ఆ మాట
ఊచలూ తాళమూ వేసుకునే వినబడుతుంది.
వాళ్ళకేమో కంచె లేని గడ్డి.

ఎల్దియార్ ఒప్పుకోలేదు.
"రంగు గొర్రెని తిరిగి తోలుకోడానికి.
ఆవిడ తిమింగలాన్ని తిరిగి తోలుకెళ్తుందా?"
టీచరుకి జవాబు దొరకలేదు.
దొరకలేదనే చెప్పింది.

గొంతు మాత్రం వినిపించలేదు.
"అడిగాను, ఇంకా చెప్పలేదు వాళ్ళు."
అయితే మేమే చేస్తాం అన్నారు పిల్లలు.
ఒకడు ఖాళీ సీసా మూతికి పెదవానించి ఊదాడు,
ఇద్దరు బెంచీని నేలమీద ఈడ్చారు,
చివరి వరసలో ఎప్పుడూ నోరు విప్పని అక్మరాల్
పొట్టలోంచి ఓ పొడుగాటి కూత తీసింది.
ఆ పిల్లకి గొంతు ఎలా ఉంటుందో
చాలామందికి అప్పుడే తెలిసింది.

శుక్రవారం బల్ల తుడిచే వంతు ఎల్దియార్‌ది.
అంతా తుడిచాడు,
ఆ పేరు చుట్టూ మాత్రం తడిగుడ్డ తిప్పి.
తర్వాతి గంట సగిన్‌బెక్ మాస్టారు
భాగహారాన్ని ఆ పేరుకి తగలకుండా
ఓ మూలకి జరిపి వేశాడు.
శేషం రాయడానికి చోటు చాలలేదు.