కరవని సోడా

మొదట గేసువాణ్ణి తిట్టాడు తవిటయ్య.
సిలిండరు మార్చాడు, వాషర్లు మార్చాడు,
బోరునీళ్ళు మానేసి కుళాయిలో నాగావళి పట్టాడు.
అయినా ఆమదాలవలస స్టేషన్‌రోడ్డులో
తన సోడా తనకే చప్పన.

"సరుకు నేదు బావూ, కరవట్నేదు" అంటూ
నా మందుల షాపు గుమ్మంలో
బొటనవేలితో గోలీ నొక్కాడు.
కీచుమంది. తాగితే
ముక్కులోకి ఎగదన్ని కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి నాకు.
బాగుంది మావా అంటే నమ్మడు,
మొగమాటం అనుకున్నాడు.

చక్కెర ఫ్యాక్టరీ కూత వేసే కాలం నుంచీ
ఆ చక్రం తిప్పిన చెయ్యి.
ఎండ ముదిరితే నాలుగు చుట్లు ఎక్కువ.
వేడినీళ్ళలో గేసు నిలవదని
ఏ పుస్తకమూ చెప్పలేదు,
ఐసు మీద తడిగోనె కప్పుతూ తనే నేర్చుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు,
శ్రీకాకుళం కంటిడాక్టరు రాసిన చీటీ.
నీటికాసులు.
రోజుకి రెండు తెల్లబిళ్ళలు,
లెక్కపెట్టి పొట్లం కట్టింది నేనే.

కరిచేది బుడగ కాదు మావా.
బుడగది ఉత్త హడావిడి.
కరిచేది పులుపు.
గేసు నాలుక మీదకి రాగానే
అక్కడొక పనివాడు కాసుకుని ఉంటాడు,
కంటికి ఆనడు,
సెకనుకి లక్షలమాట్లు
గేసునీ నీళ్ళనీ కలిపి ఆమ్లం చేసేస్తాడు.
వాడి తోబుట్టువే నీ కంట్లో కూచుని
నీళ్ళు ఊరిస్తున్నాడు.
కంట్లోవాణ్ణి పడుకోబెట్టమని బిళ్ళ ఇస్తే
నోట్లోవాడూ నిద్రపోయాడు.

తవిటయ్య పలకలేదు.
నిండుసీసా ఒకటి ఎండకెత్తి చూశాడు.
లోపల్నుంచి తోస్తూంటే
మూతికి అతుక్కుపోయిన గోలీ.
"నా కంటికొచ్చిన రోగం ఇదే కదేటి?"
బీయస్సీ కెమిస్ట్రీ నేను. నాకు తోచలేదు ఆ మాట.

"బిళ్ళ మానీనా మరి?"
"మానితే సీసాలు కనబడవు."

నిమ్మకాయ పిండితే ఆ పులుపు మాత్రం తగుల్తోందట.
అది చెట్టు మీదే తయారైపోయిన పులుపు,
ఎవడి సాయమూ అక్కర్లేదు దానికి.
ఇంకో సంగతి కూడా చెప్పాడు, కొంచెం సిగ్గుపడి:
నాలుక మీంచి పోయిన చిమచిమ
ఇప్పుడు వేళ్ళ కొసల్లో పుడుతోందని.
అదీ బిళ్ళ మహిమేనని చెప్పబోయి
ఊరుకున్నాను.

పొద్దున్నే నేను షట్టరు ఎత్తకముందే
తొలిసీసా నాకు.
ఒక చెవి కీచు మీద పెట్టి,
మిగిలిన ఆ చూపంతా
నా మొహం మీద పెట్టి నిలబడతాడు.
గుటక దిగి, నా కళ్ళు చికిలించుకుపోయి, భుజాలు జలదరిస్తే
"ఉన్నాది" అంటాడు,
డబ్బులు తీసుకోడు.