సోడా ఎటూ పోదు

పేరేచర్ల క్రషర్లో మొదటి రోజు
కాలేషా మేస్త్రీ నాకు మోటారు చూపించలేదు.
తొట్టి మూత ఎత్తి
"ఏం కనపడతందే, సువార్తా?" అన్నాడు.
నీళ్ళు, అన్నాను.
"ఐటీఐలో అంతవరకే చెప్పారన్నమాట."

ఆ నీళ్ళలో చాకలి సోడా.
మూడు గదులు, మూడు ఫేజులు,
ఒక్కో గదిలోకి దిగడానికి ఒక్కో ఉక్కు పలక.
పక్క షెడ్డులో మూడొందల గుర్రాల మోటారు
రాతిదుమ్ము కప్పుకుని పడుకుంది
ఈ నీళ్ళు పిలిస్తే తప్ప లేవనన్నట్టు.

"రోజా విడిచేటప్పుడు ఏం చేస్తాం?
ముందు ఖర్జూరం. ఆ పైన మసీదు గంజి.
పొద్దుట్నించీ ఎండిన కడుపులోకి
ఒక్కసారే బిర్యానీ కుక్కితే?
దీనిదీ అంతే.
ఆకలిమీద వదిలితే ఆరింతలు తాగుద్ది కరెంటు,
లైన్లో ఉన్న ఇళ్ళన్నీ గుడ్డివైపోతయ్."

చక్రం నా చేతికిచ్చాడు.
పలకలు దిగుతున్నాయి
పూడిక తియ్యడానికి బావిలో దిగే మనిషిలా
కాలితో తడుముకుంటూ.
మొదట ఒక మూలుగు.
అమ్మీటరు ముల్లు ఎగిరి, ఆలోచించి, నిలబడింది.
ఇరుసు ఒళ్ళు విరుచుకుంది.
"ఆగు. ముల్లు దిగనీ. అది దిగితేనే నువ్వు దించు."
ఇరవై మూడు దాకా లెక్కపెట్టాను.
ఠక్కున కాంటాక్టరు పడింది.
నీళ్ళ పని అక్కడితో సరి.
మోటారు మళ్ళీ ఆగేదాకా
వాటినెవరూ తలుచుకోరు.

మే నెలలో తొట్టి వారానికి బెత్తెడు తగ్గేది.
నేను సోడా డబ్బా అందుకోబోతే
నా చెయ్యి మీద కొట్టాడు.
"నీళ్ళే పొయ్యి.
ఎండ తాగేది నీళ్ళనే.
సోడా ఎటూ పోదు, ఇందులోనే ఉంటది."

జూన్‌లో మేస్త్రీ శుక్లాల ఆపరేషన్‌కని
గుంటూరు పెద్దాసుపత్రికి పోయాడు.
మూడో రోజు పొద్దున్నే
చక్రం తిప్పీ తిప్పకముందే
ముల్లు చివరికంటా పోయి కొట్టుకుంది.
బెల్టు కీచుమని అరిచింది.
గేటు దగ్గర టీకొట్టు ట్యూబులైటు
ఆరి, మినుకుమని, వెలిగింది.
ఆపేశాను.

తొట్టి అంచున తెల్లటి పొడి.
"రెండు గుప్పిళ్ళు వేశా," అన్నాడు సూపర్‌వైజరు వీరభద్రం,
"గబుక్కున లేస్తదని. తప్పా?"
గేటు బయట పదకొండు టిప్పర్లు, హారన్లు.

సగం తొట్టి బకెట్లతో తోడి పారబోశాను.
డిస్టిల్డ్ వాటరు క్యాన్లు భుజాన మోసి నింపాను.
క్రషర్ దవడలో ఇరుక్కున్న రాళ్ళని
ఒరిస్సా కుర్రాళ్ళు గునపాలతో పెళ్ళగించారు.
అప్పుడింక ఏ పనీ లేక
తొట్టి గోడ మీద అరచెయ్యి ఆన్చి కూర్చున్నా,
జ్వరమెప్పుడు దిగుతుందా అని.
"ఏసెయ్ రాదే!" వీరభద్రం నా చుట్టూ తిరిగాడు.
"ఎవరు చెప్పాలి నీకు?"
నీళ్ళు చెప్పాలి, అన్నాను.
ఆ మాట మేస్త్రీది.
నా గొంతుకి కొంచెం వదులైంది కానీ
జారిపోలేదు.

నలభై నిమిషాలు.

మళ్ళీ చక్రం.
ముల్లు ఎగిరింది, ఆలోచించింది.
నేనూ దాంతోపాటే ఆలోచించాను.
ఇరవై ఒకటి, ఇరవై రెండు,
ఇరవై మూడుకి పడలేదు కాంటాక్టరు.
ఊపిరి బిగబట్టాను.
ఇరవై ఏడుకి పడింది.
మొదటి రాయి పగిలిన చప్పుడు
కాళ్ళ కిందినుంచి వచ్చింది.

టీకి వెళితే సాంబ్రాజ్యం గ్లాసు కడుగుతూ
"మీ సాయిబు వచ్చేశాడా?" అంది.
"ఇందాక మిషను ఏసినప్పుడు
మా లైటు కన్నార్పలేదే!"

రాలేదు, అన్నాను. కంటికి ఇంకా కట్టుంది.

గ్లాసు అందుకుంటే
వేళ్ళ మధ్య జారింది.
రెండుసార్లు కడుక్కున్నాను చేతులు.
సోడా ఇంకా వదల్లేదు.