లష్కర్ బిడ్డ

ఏడున్నరకు నా క్లాసు మొదలైతది.
ఏడు ముప్పై ఐదుకు గొంతు ముక్కలైతది.
"మేడమ్, ఎక్స్ విలువ సగమే వచ్చింది" అంటది
చందంపేట దిక్కు తండా నుంచి నేనావత్ అంజలి.
మిగతా సగం మా ఇంట్లనే ఉంటది:
హాల్ల ఈయన పెట్టిన మ్యాచ్‌ల కొంత,
మేడ మీద ఉపేందర్ డౌన్‌లోడ్లల్ల కొంత,
తలుపేసుకొని సాత్విక్ పేలుస్తున్న తుపాకులల్ల కొంత.

మా నాయిన ఎడమ కాల్వ మీద లష్కర్.
షట్టర్ల తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పండేటోడు.
తలకాడి రైతులు రాత్రిపూట కోడిని తెచ్చేటోళ్లు,
ఒక్క గంట, ఒక్క జానెడు ఎత్తు సైదులన్నా, అని.
కోడి తిన్న రోజులు కూడ ఉన్నయి, అబద్ధమెందుకు.
తిన్న రోజు మాత్రం అన్నం కాడ మాట్లాడేటోడు కాదు.
"పైనోడికి నీళ్లు కనబడతయి బిడ్డా,
కొసకున్నోడికి వినబడతయి, అంతే" అనేటోడు.

ఆదివారం మధ్యాహ్నం,
మిర్యాలగూడ మిల్లుల ఊకదుమ్ము కిటికీ మీద వాలుతుంటే
రౌటర్ లోపలికి పోయిన.
యూజర్ అడ్మిన్. పాస్‌వర్డ్ కూడ అడ్మినే.
నాలుగేండ్లు తాళం వెయ్యని గేటు.
లోపల పదకొండు పేర్లు. సగం పేర్లు కావు, అంకెలు.
ఒక్కొక్క దాని వైఫై బంద్ చేసి పోల్చుకున్న:
ఇది అత్త ఫోను, ఇది టీవీ,
ఇది ఎవరిదో, పక్కింటోళ్లది కావచ్చు, ఉండనీ.

మొత్తం ఎంత అని అడిగింది. ముప్పై కొంటున్నం.
ఇరవై ఏడే రాయాలట.
నాయినకు ఫోన్ చేసి చెప్తే నవ్విండు:
"మరి? కట్ట అంచుదాక వదిలితే గండి పడదా?"
మాటకు ముందు వరుస, సినిమాకు వెనక వరుస ఎందుకో
ఆయనకు చెప్పాల్సిన పని పడలే.
నారుమడికి బిందెడు చాలు, అదునుకు రావాలె.
ఎదిగిన పొలం ఒక పూట ఆగుతది, చావదు.

నా లాప్‌టాప్‌ను పైకి జరుపుతుంటే
వేలు ఒక్క క్షణం ఆగింది.
తాళంచెవి చేతిల ఉన్నదని
నా మడికే ముందు పెట్టుకుంటున్ననా?

సాయంత్రానికి సాత్విక్ కనిపెట్టిండు.
"మమ్మీ, పింగ్ రెండొందలు పోతుంది, నన్ను చంపేస్తుండ్రు."
చాయ్ పెట్టుకొచ్చిండు, పుట్టినంక మొదటిసారి.
అల్లం ఎక్కువైంది. తాగిన.
తాగి, వాని వరుస మార్చలే.

సోమవారం. నా గొంతు నున్నగ పారింది
ఇల్లు దాటి, గల్లీ దాటి, స్తంభాల మీద నల్లతీగ దాటి.
తండా కాడ మాత్రం ఒక్క గీత సిగ్నల్.
బోరింగ్ పక్క బండ మీద కూసుంటదట అంజలి, అక్కడైతేనే.
నా తూము దాకనే నా చెయ్యి.
వీడియో బంద్ చేసిన. బోర్డు మీది లెక్కను
నోటితోని చదివిన, ఒక్కో అంకె, ఆగి ఆగి.
అవతల గాలి. ఎవరిదో మేక.
"మేడమ్, కనబడతలేదు గానీ
వినబడుతుంది.
చెప్పుండ్రి."