బోర్డు మార్చే రాత్రి

ఈ రాత్రి పన్నెండు దాటితే
సాల్ట్‌హోమ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఉండదు.
యాభై ఏళ్ళు ఉన్నది,
ఒక చట్టంలో మూడో పేరా దాకా ఉండి
నాలుగో పేరాలో ఉండదు.
రేపు ఏప్రిల్ ఒకటి. ఎవరూ నవ్వలేదు.

బయట నిచ్చెన మీద డెరిక్ మావర్
పాత బోర్డు మరలు విప్పుతున్నాడు.
సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టి అవి కదలవు.
"దీన్ని బిగించిందీ నేనే,
దీనికి ముందుదాన్ని విప్పిందీ నేనే" అంటాడు.
నోట్లో ఒక మర పట్టుకుని అంటాడు గనక
సగం మాటలు ఇనుములా వినిపిస్తాయి.

సంస్కరణ, సంస్కారం ఒకే ధాతువు.
తీర్చిదిద్దడమూ అదే, శవానికి చివర చేసేదీ అదే.
డెరిక్‌కి చెబుదామనుకుని
నోట్లో మర చూసి ఊరుకున్నాను.

నాది ఇళ్ళ మరమ్మతుల కౌంటరు.
పదకొండేళ్ళలో నా కుర్చీకి మూడు పేర్లు:
గుమాస్తా, సేవాధికారి, కస్టమర్ సలహాదారు.
రేపటి పేరు ఇంకా మెయిల్లో రాలేదు.
కుర్చీ మాత్రం అదే. ఎడమ చక్రం కిర్రుమంటుంది.
దాని మీద నేనే ఒక ఫిర్యాదు పెట్టాను,
రెండువేల పంతొమ్మిదిలో.

లండన్ నుంచి వచ్చిన టామ్సిన్
గోడ నిండా పసుపు చీటీలు అంటించి
మా పనిని బాణాలుగా గీసింది.
మంచి పిల్ల. మా టీ కప్పులు కూడా తనే కడిగేది.
"ఈ కాగితం ఇక్కణ్ణించి అక్కడికి ఎందుకెళ్తుంది?"
అని అడిగితే
ఒక్కరికీ జవాబు తెలియలేదు.
సిగ్గేసింది. నిజం ఒప్పుకోవాలి కదా.
ఎప్పుడో ఎనభైల్లో చనిపోయిన
ఒక సూపర్‌వైజరు బల్లను
ఆ కాగితం ఇంకా వెతుక్కుంటూ తిరుగుతోంది.

రెండేళ్ళు దాటిన ఫిర్యాదులు
కొత్త వ్యవస్థలోకి రావు.
అర్ధరాత్రి వాటంతట అవే
'పరిష్కృతం' అయిపోతాయి.
మూడువందల పన్నెండు.

ఎనిడ్ క్లేపొల్, ఆరో నంబరు ఫ్లాట్, మార్ష్ కోర్ట్.
గోడలకు చెవులుంటాయంటారు,
ఆవిడ గోడకు ఊపిరితిత్తులున్నాయి.
చలికాలమంతా దగ్గి నల్లగా ఉమ్ముతుంది.
ఏడు ఉత్తరాలు, నీలిసిరా, గుండ్రటి అక్షరాలు.
"వాల్‌పేపరు మీది గులాబీలకు
ఇప్పుడు నీళ్ళు పోయక్కర్లేదు" అని అయిదో దాంట్లో.
"మీ ఆఫీసు పేరు మారుతోందట, సంతోషం.
గోడ మారలేదు" అని ఏడో దాంట్లో.

అయితే కొత్త నిబంధనల్లో
నలభయ్యో పేజీలో ఒక వాక్యం ఉంది:
బూజు మీద కొత్త ఫిర్యాదు అందితే
పది రోజుల్లో మనిషి వెళ్ళి చూడాలి.
'వీలైనంతవరకు' లేదు. 'నిధులను బట్టి' లేదు.
సర్కారు అంత పొట్టిగా మాట్లాడిందంటే
దాని వెనక ఎవరో చాలాసేపు ఏడ్చి ఉంటారు.

పాతవి చచ్చిపోతాయి గనక
వాటినే కొత్తగా పుట్టించడం మొదలెట్టాను.
పేరు, చిరునామా, ఈరోజు తేదీ. మళ్ళీ పేరు.
టీ చల్లారింది. హీటర్ ఏడింటికే ఆగిపోయింది.
ఇంటిపేర్ల వరసలో వెళ్ళాను,
ఎవరు ముందో తేల్చే ధైర్యం లేక.
వరస కూడా ఒక విధానమేనని
తెర ఆరిపోయాక గాని తెలియలేదు.

నలభై ఒకటి.
క్లేపొల్ గట్టెక్కింది.
డేవిస్ దగ్గర ఆగిపోయాను.
పార్కర్లు, టర్నర్లు, వుడ్‌లు, యార్డ్‌లీలు
వాళ్ళందరి గోడలూ ఇప్పుడు ఆరిపోయాయి,
కప్పులు కారడం మానేశాయి,
కిటికీలు సుఖంగా మూసుకుంటున్నాయి.
మా ఇంటిపేరు వేమూరి. 'వి'.
నా కుర్చీ కూడా బాగైపోయింది.

లేచాను. కిర్రుమంది.

బయట కొత్త బోర్డు పాతదానికంటే చిన్నది.
దాని చుట్టూ యాభై ఏళ్ళుగా ఎండ తగలని ఇటుక
కట్టు విప్పిన చర్మంలా పాలిపోయి ఉంది.
"తిన్నగా ఉందా?" అని పైనుంచి డెరిక్.
చీకట్లో నాకేం కనబడుతుంది?
"కొంచెం ఎడమకి" అన్నాను.