ఎర్త్

బ్రేకు తొక్కితే ఇండికేటరు కన్నుగీటుతుంది.
హారన్ నొక్కితే డ్యాష్‌బోర్డు దీపం ఆరుతుంది.
ముప్పై ఎనిమిదేళ్ల పద్మిని.

పుదుపేటలో దస్తగిరి ఫ్యూజుల జోలికి పోలేదు.
టెస్ట్‌లాంపు నోట కరుచుకుని
డిక్కీలోకి సగం మనిషి దూరాడు.
"వరదనీళ్లు తాగిందా సార్, ఎప్పుడైనా?"

తాగింది. సైదాపేటలో, సీట్ల దాకా.
ఎండబెట్టి, తుడిచి, మరిచిపోయాం.

టేపు మీద టేపు.
ఎర్రతీగ తెగినచోట పచ్చతీగ అతుకు.
అది ఎవరి పనో నేను చెప్పలేదు.

తోకదీపం వెనక ఒక్క బోల్టు
తుప్పులో కూరుకుపోయి.
ఉప్పుకాగితంతో రుద్దాడు, ఇనుము కనబడేదాకా.

"కరెంటు వెళ్లడానికి దారుంది సార్,
తిరిగి రావడానికే లేదు.
అందుకే పక్క దీపాల్లోంచి
దొడ్డిదారిన వస్తోంది."

బ్రేకు తొక్కాను.
గోడ మీద ఎరుపు, నిలకడగా.

నూటయాభై తీసుకున్నాడు.
టేపు ఎవరు చుట్టారని అడగలేదు.