అంకెలు లేని గోడ

డండీలో డిసెంబరు పగలు
కత్తిరించి పారేసిన గోరంత.
పక్షవాతం తర్వాత ఎల్స్‌పెత్‌కి
మాటలు తిరిగొచ్చాయి, అంకెలు రాలేదు.
ఏడంటే ఆమెకిప్పుడు వట్టి వంకర కొక్కెం.

అందుకే వంటింటి బల్ల నిండా
కత్తెర, జిగురు, రంగు చార్టు ముక్కలు.
సోమవారం ఫిజియో, నీలం త్రికోణం.
చెత్తబండి రోజుకి ఊదారంగు పలక.
చేపల వ్యాను వచ్చే గురువారానికి
వెండికాగితం పొలుసు.
నెలని గళ్ళలో కుక్కలేదు,
నత్తగుల్లలా చుట్టాను, బయట నుంచి లోపలికి.
అమావాస్యకో నల్లచుక్క కూడా పెట్టాను,
ఆమె అడగలేదు, నా అలవాటు.

చివర్లో ఒక ముక్క మిగిలింది.
"అధికమాసం" అన్నాను తెలుగులోనే.
విప్పి చెప్పబోతే
ఇంగ్లీషులో అంత దారం దొరకలేదు.

ఆమె వేలు చుట్టూ తిరిగి తిరిగి
గుల్ల నడుమ ఆగింది.
"మరి నువ్వొచ్చే రోజేదీ?"

పెట్టలేదు. తట్టనే లేదు.

ఎడంచేత్తో, వణుకుతూ,
షార్ట్‌బ్రెడ్ అట్టపెట్టెలోంచి
ఎరుపు కత్తిరించింది.
గుండ్రం కాదు, కోణాలు లెక్కకి రావు,
ఏ జామెట్రీ పెట్టెకీ లొంగని ఆకారం.

నేను వెళ్ళేది శుక్రవారాలు.
ఆమె బుధవారం మీద అంటించింది.

అప్పట్నుంచి
బుధవారాలే వెళ్తున్నాను.