గుంటలు

కొరొనాదోలో వాన మధ్యాహ్నం రెండింటికే మొదలవుతుంది.
రేకుల మీద దాని గోల వింటూ
ప్లాస్టిక్ పళ్ళెంలో గుంటలు లెక్కపెడుతున్నాను.

టెర్సియోపెలో పాము విషంలో ఒక ప్రొటీన్,
కండను కరిగించేది.
నూట ఇరవై ఒక్క అక్షరాల పొడుగు మాట.
దాన్ని పదిహేనేసి అక్షరాల ముక్కలు చేశాం,
మూడక్షరాలు జరిగి మళ్ళీ పదిహేను,
ఒకదాని తోక ఇంకోదాని నోట్లో ఉండేలా.
ముక్కకో గుంట. ముప్పై ఏడు.
అన్నిట్లోనూ గుర్రం నెత్తుటి తేట పోసి
కడిగి, కడిగి, మళ్ళీ కడిగి
రంగు కోసం కూర్చున్నాను.

చాలావరకు నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోయాయి.
ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు
పసుపుపచ్చ.
మూడింటికీ ఉమ్మడివి తొమ్మిదే అక్షరాలు.
విషానికి ఆయువుపట్టు ఇదే కాకపోవచ్చు,
గుర్రం పట్టు మాత్రం ఇక్కడే.

అందులో ఏ అక్షరం?
ఒక్కొక్కదాన్నే పీకి ఆ చోట అలనిన్ పెట్టాలి.
పొట్టిది, చేతుల్లేనిది, దేన్నీ పెద్దగా పట్టుకోనిది.
ఏ దూలం తీస్తే కప్పు దిగుతుందో చూడటం లాంటిది.
మొరటు పద్ధతే.

ఎలియేసెర్‌కి చెబితే నవ్వాడు.
ఇప్పుడు గుర్రాల మేత చూస్తాడు గానీ
సిక్సావోలా తోటల్లో పన్నెండేళ్ళు అరటిగెలలు కోసినవాడు.
కుడి బొటనవేలి మొదట్లో కాటు.
మందు అందేసరికి చీకటి పడింది.
ప్రాణం నిలిచింది, వేలి కింద కండ నిలవలేదు.
చెయ్యి చాపి ఒక్కో వేలే మడిచాడు:
"ఇది లేకున్నా కత్తి ఆగుతుంది. ఇదీ అంతే.
ఇదొక్కటి పోయిందా, నాలుగూ ఉండీ దండగ.
దీనికి నీకు పళ్ళాలెందుకు?"

మర్నాటి పళ్ళెంలో
ఆరో అక్షరం, లైసిన్, తీసేసిన చోట
రంగు రాలేదు.
మిగతా ఎనిమిదింట్లో కాస్త హెచ్చో తగ్గో ఉంది.
ఆ ఒక్కటీ వాననీళ్ళు.
కిటికీ వైపు తిప్పి చూశాను.
మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

అంత ఉడుంపట్టూ
ఒక్క గోటి మీద వేలాడుతోందన్నమాట.

కనేలాకి ఇవేమీ పట్టవు.
చిత్తడిలో నిలబడి తోక విదిలిస్తోంది,
ఎన్నడూ చదవని తొమ్మిదక్షరాలకు
నెత్తుట్లో జవాబు మోస్తూ.
వాన కాస్త తెరిపిచ్చాక
ఎలియేసెర్ బెల్లం ముక్క తెచ్చాడు.
ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది,
అయినా కుడిదే చాపాడు.
కండ కరిగిన గుంటలో
ముక్క కదలకుండా కూర్చుంది.
అయిపోయాక కూడా గుర్రం
అక్కడే నాకుతోంది.